తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్ళాక ఏం తింటాయి? ప్లాంక్టనేనా?

సాగరతీరం_వైజాగ్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మా పాప ఎనిమిదో తరగతి. సముద్రంలో ఆహారపు గొలుసు మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఇక్కడ బీచ్‌లో అటవీ శాఖ వాళ్ళు తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటే చూసొచ్చింది కాబట్టి తాబేలు మీదే చేస్తానని పట్టుబట్టింది. చార్టులో కింద ప్లవకాలు (ప్లాంక్టన్, అంటే నీళ్ళలో కొట్టుకుపోయే జీవులు) గీసి, పైన పెద్ద తాబేలు గీసి, మధ్యలో ఒక బాణం గుర్తు పెట్టింది. నాకు ఎందుకో అది సరిగ్గా అనిపించలేదు. నెట్‌లో చూస్తే ఒకచోట సముద్ర తాబేళ్ళు ప్లాంక్టన్ తింటాయని ఉంది, ఇంకోచోట పీతలు అని, ఇంకోచోట జెల్లీఫిష్ అని, మరోచోట అవి గడ్డి మాత్రమే తినే శాకాహారులని ఉంది. ఇన్ని రకాలుగా ఎలా ఉంటుంది?

ఇంకో సంగతి, పాప అడిగితే నేను చెప్పలేకపోయింది: ఆ పిల్లలు అరచేతిలో సగం కూడా ఉండవు కదా, తల్లి వెంట ఉండదు, వదిలిన మొదటి రాత్రి అవి ఏం తింటాయి? టబ్బులో నాలుగు రోజులు ఉంచి, ఏదైనా తినిపించి, కాస్త బలం వచ్చాక వదిలితే మంచిది కదా అని కూడా అడుగుతోంది. తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి. సోమవారం సబ్మిట్ చెయ్యాలి, టెన్షన్ పడుతోంది.

రాత్రి_గస్తీ జవాబు:

మేడమ్ గారూ, నేను శ్రీకాకుళం వైపు గుడ్లు పెట్టే సీజన్‌లో తీరం వెంట రాత్రిపూట నడిచే వాలంటీర్ని. ముందు టబ్బు సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ప్రాజెక్టు కన్నా అది ముఖ్యం. దయచేసి ఎవరూ అలా చెయ్యకండి. గుడ్డులోంచి బయటికొచ్చే ముందే పిల్ల మిగిలిన పచ్చసొనని పొట్టలోకి లాగేసుకుంటుంది. బయటపడ్డాక మొదటి కొన్ని రోజులు దానికి అదే తిండి. ఆ బలంతోనే ఇసుకలోంచి పైకి తవ్వుకొస్తుంది, అలల్లోకి దిగుతుంది, దిగిన దగ్గర్నుంచి ఇంచుమించు ఒక రోజంతా ఆగకుండా ఈదుతూనే ఉంటుంది. ఒడ్డు దగ్గర పక్షులు, పీతలు, పెద్ద చేపలు కాచుకుని ఉంటాయి కాబట్టి వీలైనంత త్వరగా లోతు నీళ్ళలోకి వెళ్ళిపోవడమే దాని పని. టబ్బులో పెడితే ఆ ఈత అక్కడే ఈదేస్తుంది, ఉన్న బలమంతా గోడలకి కొట్టుకుంటూ ఖర్చయిపోతుంది. తర్వాత తీసుకెళ్ళి వదిలినా ఆ పరుగు మళ్ళీ అంత జోరుగా రాదు. పైగా ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద షెడ్యూల్ 1 లో ఉన్న జీవి, ఇంట్లో పెట్టుకోవడం నేరం. కాబట్టి "మొదటి రాత్రి ఏం తింటాయి" అన్న పాప ప్రశ్నకి జవాబు: బయటి నుంచి ఏమీ తినక్కర్లేదు, పచ్చసొన ఇంకా పొట్టలోనే ఉంటుంది.

ఇక తిండి సంగతి. నెట్‌లో మీరు చూసినవి ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి కానీ, చాలావరకు అన్నీ నిజాలే, వేర్వేరు జాతుల గురించి రాసినవి. సముద్ర తాబేళ్ళు ప్రపంచంలో ఏడు జాతులు. మన దేశపు నీళ్ళలో ఐదు కనిపిస్తాయి. దేనికీ పళ్ళుండవు, గట్టి ముక్కు ఉంటుంది. ఏం తినే జాతికి దానికి తగిన ముక్కు.

మన తీరానికి వచ్చేది ఆలివ్ రిడ్లే. చిన్న జాతి, పెద్దది కూడా నలభై కిలోల చుట్టుపక్కలే ఉంటుంది. దీనికి ఇది అది అని లేదు. పీతలు, రొయ్యలు, నత్తలు, జెల్లీఫిష్, చేపలు, చేప గుడ్లు, నాచు, ఏది దొరికితే అది. మెక్సికో పసిఫిక్ తీరంలో పొట్టలు పరీక్షించి చూస్తే చేపలు, సాల్ప్‌లు ఎక్కువ కనిపించాయి. సాల్ప్ అంటే గాజులా పారదర్శకంగా, మెత్తగా ఉండి నీళ్ళలో కొట్టుకుపోయే జీవి, చూస్తే జెల్లీఫిష్ అనుకుంటాం, కానీ వేరే జాతి. అంటే ఒకే ఆలివ్ రిడ్లే ఒకచోట అడుగున పీతలు ఏరుకుంటుంది, ఇంకోచోట నడిసముద్రంలో తేలేవి తింటుంది. మూడునాలుగు బాణాలు దీని దగ్గరికే రావాలి.

గ్రీన్ టర్టిల్ అనే పచ్చ తాబేలు పెద్దయ్యాక దాదాపు శాకాహారి. సముద్రపు గడ్డి, నాచు మేస్తుంది, దాని ముక్కు అంచు రంపంలా గరుకుగా ఉంటుంది, గడ్డి కోయడానికి. కానీ చిన్నప్పుడు నడిసముద్రంలో ఉన్నన్నాళ్ళూ చిన్న చిన్న జీవుల్నీ తింటుంది, తీరానికి వచ్చాకే గడ్డికి మారుతుంది. హాక్స్‌బిల్ పగడపు దిబ్బల మధ్య తిరుగుతుంది, చిలక ముక్కులాంటి సన్నటి మొన ఉన్న ముక్కుతో సందుల్లోంచి స్పాంజ్‌లు పీక్కుని తింటుంది. ఆ స్పాంజ్‌ల ఒంట్లో సన్నటి గాజు ముళ్ళుంటాయి, కొన్నిట్లో విషం కూడా ఉంటుంది, అయినా దీనికి అదే అన్నం. లాగర్‌హెడ్‌కి తల పెద్దది, దవడ బలం ఎక్కువ, శంఖాల్నీ పీత డొప్పల్నీ పగలగొట్టి తింటుంది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం లెదర్‌బ్యాక్. ఐదారు వందల కిలోలు పెరుగుతుంది, కిలోమీటరుకి మించిన లోతుకి మునుగుతుంది, ఇంత శరీరాన్నీ పెంచేది జెల్లీఫిష్! జెల్లీఫిష్‌లో నూటికి తొంభై ఐదు వంతులు నీళ్ళే, అందుకే పొట్ట నిండాలంటే గుట్టలకొద్దీ తినాలి. కెనడా తీరంలో లెదర్‌బ్యాక్‌ల వీపు మీద కెమెరాలు పెట్టి చూసిన శాస్త్రవేత్తలు, అక్కడ వేసవిలో ఒక్కోటి రోజుకి సగటున మూడు వందల కిలోలకి పైగా జెల్లీఫిష్ తింటోందని లెక్కగట్టారు. దాని నోరు తెరిచి చూస్తే గొంతు పొడుగునా వేలెడంత ముళ్ళు వరసలు వరసలుగా లోపలికి వంగి ఉంటాయి. జారిపోయే జెల్లీఫిష్ వెనక్కి రాకుండా పట్టి ఉంచేవి అవే. నీళ్ళు బయటికి కక్కేస్తుంది, తిండి మాత్రం లోపలే ఉండిపోతుంది. ఆ ఏర్పాటు వల్లే ప్లాస్టిక్ కవరు ఒకసారి లోపలికి పోతే మళ్ళీ బయటికి రాదు. మనం కొబ్బరికాయ కొట్టి, పూలతో పాటు కవరు కూడా అలల్లో వదిలేస్తాం చూడండి, దయచేసి ఆ అలవాటు మానండి.

ఇక పాప గీసిన బాణం. పెద్ద తాబేలు వేల్ షార్క్ లాగా నీళ్ళు వడగట్టి ప్లాంక్టన్ తినదు, దాని నోట్లో ఆ జల్లెడ లేదు. కానీ పిల్లగా ఉన్నప్పుడు, పచ్చసొన అయిపోయాక, నడిసముద్రంలో తేలే నాచు తెట్టుల మధ్య ఉండే బుల్లి పీతలు, చేప గుడ్లు, చిన్న జెల్లీఫిష్, నత్త పిల్లలు, నోట్లో పట్టేవన్నీ తింటుంది. అవన్నీ ప్లవకాలే, లేదా ప్లవకాల మధ్య బతికేవే. ఆ దశలో ఏళ్ళ తరబడి ఎవరికీ కనిపించవు, తీరానికి రావు. అందుకే ఆ రోజుల గురించి మనకి తెలిసింది తక్కువ. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదయితే గొప్ప అని సాధారణంగా చెప్పే లెక్క.

గోదారి_చెరువుగట్టు జవాబు:

పైన అన్న తాబేళ్ళ గురించి బాగా చెప్పారు, నాకు వాటి గురించి అంత తెలియదు. మాది భీమవరం దగ్గర, వనామి రకం రొయ్యల చెరువులు. ప్లాంక్టన్ మాత్రం నాకు రోజూ పొద్దున లేవగానే కనిపించేదే. పాపకి ప్లవకాలు అంటే కంటికి కనపడని ఏదో చిన్న జీవి అని పుస్తకంలో ఉంటుంది కానీ, మా చెరువులో అది నీళ్ళ రంగు. లేత ఆకుపచ్చగానో, టీ రంగులోనో ఉంటే పంట బాగుంటుంది అంటాం. టీ రంగు డయాటమ్‌లనే బుల్లి వృక్ష ప్లవకాలది. ముదురు నీలిపచ్చగా మారి, గాలి తోసిన మూలకి తెట్టు కట్టి వాసన వస్తే అది చెడ్డ నాచు, అప్పుడు గుండెల్లో రాయి పడుతుంది.

విత్తనం (రొయ్య పిల్లలు) వేసే ముందు బెల్లం, తవుడు, ఈస్ట్ కలిపి పులియబెట్టి చెరువులో చల్లుతాం, ఎందుకంటే ముందు ప్లాంక్టన్ లేస్తేనే రొయ్య పిల్లకి మొదటి వారాల్లో తిండి. మేము కొనే మేత తర్వాత. హేచరీలో అయితే ఇంకా సూటిగా కనిపిస్తుంది. గుడ్డులోంచి వచ్చిన రొయ్య పిల్ల మొదట నాప్లీ, అప్పుడు దానికి తిండి అక్కర్లేదు, ఒంట్లో ఉన్న సొనతో గడిపేస్తుంది (పైన తాబేలు పిల్ల గురించి చదివితే నాకు ఇదే గుర్తొచ్చింది). తర్వాత జోయియా దశకి రాగానే డయాటమ్ కావాలి, అది టైముకి అందకపోతే ట్యాంకు ట్యాంకంతా పోతుంది. అందుకే మన కోస్తాలో ప్రతి రొయ్యల హేచరీలోనూ డయాటమ్ పెంచడానికే విడిగా ఒక గది ఉంటుంది, లైట్లు, గాజు సీసాలు, పెద్ద ట్యాంకులు. ఆ తర్వాతి దశకి ఆర్టీమియా, అది కూడా బుల్లి జంతు ప్లవకమే, అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఉప్పు సరస్సు నుంచి డబ్బాల్లో వస్తుంది.

ఇంకొకటి చెప్పాలి, ఇది పాప ప్రాజెక్టులో ఎవరూ రాయరు. ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇస్తుంది అని మాత్రమే పుస్తకాల్లో ఉంటుంది. పగలు ఎండలో ఇస్తుంది, నిజమే, మధ్యాహ్నం మీటరు పెట్టి చూస్తే డీఓ (నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్) బాగా ఉంటుంది. రాత్రి అదే ప్లాంక్టన్ ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య డీఓ అట్టడుక్కి పోతుంది, ఆ టైములో కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్యలు గట్ల పక్కకి వచ్చి తేలతాయి, టార్చి వేస్తే కళ్ళు ఎర్రగా మెరుస్తూ వరసగా కనిపిస్తాయి. నాలుగు రోజులు మబ్బు పట్టి ఎండ లేకపోతే ప్లాంక్టన్ మొత్తం ఒక్కసారిగా చచ్చి అడుక్కి దిగుతుంది, నీళ్ళు తేటగా అయిపోతాయి. తెలియనివాళ్ళు చూసి నీళ్ళు ఎంత బాగున్నాయో అంటారు, మాకు అది ప్రమాదం. చచ్చిన ప్లాంక్టన్ కుళ్ళడానికి ఉన్న ఆక్సిజన్ కూడా అయిపోతుంది. సముద్రంలోనూ ఎరువులు, మురుగు ఎక్కువ కలిసినచోట జరిగేది ఇదే. కాబట్టి ఎక్కువ ప్లాంక్టన్ ఉంటే మంచిది అని ఊరికే రాయొద్దని పాపకి చెప్పండి. ఏ రకం, ఎంత, అన్నది ముఖ్యం.

సాగరతీరం_వైజాగ్:

చాలా థాంక్సండీ ఇద్దరికీ. పాప పక్కనే కూర్చుని చదివింది, చార్టు మళ్ళీ మొదటి నుంచి గీస్తోంది. చెరువుల సంగతి వినగానే తను ఇంకోటి అడిగింది: చెరువులో అయితే మనం బెల్లం, తవుడు వేస్తాం, మరి సముద్రంలో ప్లవకాలకి ఎరువు ఎవరు వేస్తారు? ఇంకా, మనం పీల్చే ఆక్సిజన్‌లో సగం వాటినుంచే అంటారు కదా, అది నిజమేనా?

అలల_మైక్రోస్కోప్ జవాబు:

పాప అడిగిన మొదటి ప్రశ్న మా డిగ్రీ క్లాసులో అడగాల్సిన ప్రశ్న, నిజంగా చెబుతున్నాను. నేను మెరైన్ బయాలజీలో పీజీ చేస్తున్నాను.

సముద్రంలో ఎరువు ఉండేది కింద. నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికా లాంటివి లోతు నీళ్ళలో పుష్కలంగా ఉంటాయి, ఎందుకంటే పైన చచ్చిందంతా, పైన విసర్జించిందంతా కిందికే దిగి అక్కడ కుళ్ళుతుంది. ఎండ ఉండేది పైన. వృక్ష ప్లవకాలకి రెండూ కావాలి. కాబట్టి కింది నీళ్ళు పైకి వచ్చినచోట పంట, రానిచోట ఎడారి. మన బంగాళాఖాతం ఈ విషయంలో కష్టమైన సముద్రం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోనే కలుస్తాయి, ఆ మంచినీళ్ళు తేలిక కాబట్టి ఉప్పునీళ్ళ మీద మూతలా పరుచుకుంటాయి, అందువల్ల కింది నీళ్ళు పైకి కలవడం కష్టం. అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ ప్లవకాల పంట తక్కువ అనడానికి ఇదొక పెద్ద కారణం.

అయినా కలిసే సందర్భాలున్నాయి. ఫిబ్రవరి తర్వాత నైరుతి దిక్కునుంచి గాలి మన తీరం వెంబడి వీస్తుంది, భూమి తిరగడం వల్ల పైనీళ్ళు తీరం నుంచి లోపలికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి నీళ్ళు లేస్తాయి. వైజాగ్ తీరంలో దీన్ని 1950ల నుంచే ఆంధ్రా యూనివర్సిటీలో అధ్యయనం చేస్తున్నారు. ఆ నెలల్లో బీచ్‌లో నీళ్ళు ఒక్కోసారి ఎండాకాలమైనా చల్లగా తగలడానికి ఇదొక కారణం. రెండోది తుఫాను. తుఫాను మనకి నాశనం, కానీ సముద్రాన్ని అడుగునుంచి కలియదిప్పేస్తుంది. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ వెళ్ళాక అది నడిచిన దారి పొడుగునా క్లోరోఫిల్ (వృక్ష ప్లవకాల్లోని ఆకుపచ్చ రంగు) పెరగడం శాటిలైట్ చిత్రాల్లో కనిపించింది.

ఆ క్లోరోఫిల్‌ని వాడుకునే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది, ఇన్‌కాయిస్. సముద్రం లేని ఊళ్ళో సముద్రాన్ని చూసే ఆఫీసు! శాటిలైట్ నుంచి నీళ్ళ రంగు, ఉపరితలం వేడి చూసి, ఫలానా లైట్‌హౌస్ నుంచి ఇన్ని కిలోమీటర్లు, ఈ దిక్కున, ఈ లోతులో చేపలు ఉండే వీలుంది అని మత్స్యకారులకి తెలుగులో కూడా పంపుతారు. అక్కడ శాటిలైట్‌కి చేప కనపడదు, కనిపించేది వృక్ష ప్లవకాల రంగు మాత్రమే. ప్లవకాలున్నచోట వాటిని తినే కోపెపాడ్లనే బుల్లి జంతు ప్లవకాలు, వాటికోసం నెత్తళ్ళు, కవళ్ళు, వాటికోసం వంజరం. గొలుసు అంటే ఇదేనమ్మా, పాప చార్టులో ఇది కూడా పెట్టొచ్చు.

ఆక్సిజన్ గురించి. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో సుమారు సగం సముద్రంలోని వృక్ష ప్లవకాలదే, ఇది నిజం. చిత్రమేమిటంటే బరువు లెక్కన చూస్తే నేల మీది మొక్కలన్నిటి ముందు అవి నూటికి ఒక వంతు కూడా ఉండవు. అంత పని ఎలా చేస్తాయంటే, అవి వేగంగా పుడతాయి, వేగంగా తినబడతాయి, మొత్తం సరుకు వారం లోపే కొత్తదైపోతుంది. ప్రోక్లోరోకాకస్ అనే బాక్టీరియా ఉంది, మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు, వేడి సముద్రాల్లో ఒక్క మిల్లీలీటరు నీళ్ళలో లక్ష దాకా ఉంటాయి, అయినా 1980ల దాకా అది ఉందనే ఎవరికీ తెలియదు. అయితే "మనం పీల్చేదాంట్లో సగం" అని రాయొద్దు. సముద్రంలో తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు అంతా సముద్రంలోని జీవులే వాడేసుకుంటాయి, పైన చెరువు అన్న రాత్రిపూట డీఓ గురించి చెప్పారే, అదే సంగతి. "భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగం" అని రాస్తే సరిపోతుంది.

నాకు ప్లవకాలంటే ఇంత ఇష్టం ఎందుకో చెప్తాను, కాస్త పక్కదారి పట్టినా. సన్నటి పట్టు గుడ్డలాంటి వల ఉంటుంది, దాన్ని పడవ వెనక లాగి, చివర సీసాలో పోగైన నీళ్ళు ఒక్క చుక్క మైక్రోస్కోప్ కింద పెడితే మొదట కనిపించేది కదలిక. కోపెపాడ్ ఒక్క ఉదుటున ఎగిరి అద్దం అంచుకి పోతుంది. డయాటమ్‌లు గాజు పెట్టెల వరసలా కదలకుండా ఉంటాయి, వాటి గోడ నిజంగానే సిలికా. వాటి మధ్య నెత్తి మీద పొడుగాటి ముల్లు, రెండు పెద్ద నల్లటి కళ్ళు ఉన్న వింత జీవి ఒకటి తోక కొట్టుకుంటూ తిరుగుతుంది. అది పీత పిల్ల. మనం కూర వండుకునే పీత మొదటి వారాల్లో ఒక ప్లవకం. ఇది పాపకి తప్పకుండా చెప్పండి: ఆలివ్ రిడ్లే తినే పీత, రొయ్య, నత్త, చేప, ఇవన్నీ బాల్యంలో ప్లవకాలే. లెదర్‌బ్యాక్ తినే జెల్లీఫిష్ ఎంత పెద్దదైనా ప్రవాహానికి ఎదురీదలేదు కాబట్టి శాస్త్రం లెక్కన అది ఎప్పటికీ ప్లవకమే. అలా చూస్తే పాప మొదట గీసిన బాణం లెదర్‌బ్యాక్ వరకు సరైనదే!

మెట్టు మెట్టుకీ పదో వంతు మాత్రమే పైకి వెళ్తుందని ఉజ్జాయింపుగా అంటారు. పదివేల కిలోల వృక్ష ప్లవకాలు, వెయ్యి కిలోల జంతు ప్లవకాలు, వంద కిలోల చిన్న చేపలు, పీతలు, వాటిమీద బతికే తాబేలు పది కిలోలు. చార్టులో మెట్ల పక్కన ఈ అంకెలు వేస్తే మాస్టారికి నచ్చుతుంది.

దీవి_కబుర్లు జవాబు:

గ్రీన్ టర్టిల్ గురించి పైన ఒక్క మాటలో దాటేశారు, నేను ఉద్యోగరీత్యా లక్షద్వీప్‌లో కొంతకాలం ఉన్నాను కాబట్టి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. అగత్తి దీవి పక్కన పగడపు దిబ్బ లోపల ఉండే లగూన్ అనే మడుగులో నీళ్ళు నడుములోతు, అద్దంలా ఉంటాయి, పడవలోంచే తాబేళ్ళు మేస్తుంటే కనిపిస్తాయి. తల వంచి, ఒక్కో ఆకునీ అడుగుదాకా కొరుక్కుంటూ మెల్లగా ముందుకి జరుగుతాయి, కాసేపటికి పైకొచ్చి ఫుస్సుమని ఊపిరి వదిలి మళ్ళీ దిగుతాయి.

అక్కడ ఒక చిక్కు వచ్చింది. తాబేళ్ళు ఒకేచోట ఎక్కువగా చేరి, సముద్రపు గడ్డిని అది మళ్ళీ పెరిగేలోపే మేసేశాయి. గడ్డి పలచబడింది, ఆ గడ్డిలో దాక్కుని పెరిగే చేపలు తగ్గాయి, జాలర్లు తాబేళ్ళ వల్లే మా చేప పోయిందని కోపంగా ఉన్నారు. వాళ్ళ మాట వట్టిది కాదు, శాస్త్రవేత్తలు కొలిచి చూసినా గడ్డి, చేపలు రెండూ తగ్గినట్టే తేలింది. గడ్డి అయిపోయాక తాబేళ్ళు ఇంకో దీవి లగూన్‌కి తరలిపోయాయి. ఇదివరకు సముద్రంలో తాబేళ్ళని తినే పెద్ద సొరలు ఎక్కువ ఉండేవి, గడ్డి మైదానాలూ ఎక్కువ ఉండేవి. ఇప్పుడు రెండూ తగ్గాయి, మిగిలిన చిన్న మైదానాల మీద భారమంతా పడుతోంది. తాబేలు తింటే సముద్రానికి మంచిదే అని ఒక్క ముక్కలో రాసేసే పోస్టులు చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. మామూలుగా అయితే అవి మేయడం గడ్డికి మంచిదే, ముదురు ఆకులు పోయి లేతవి వస్తాయి. ఎన్ని తాబేళ్ళు, ఎంత గడ్డి అన్నదాని మీద ఉంటుంది.

వలసాయి_కాకినాడ జవాబు:

నాది మత్స్యకార కుటుంబం, మా నాన్న బోటు మీద సరంగు. తిండి గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అసలు గొడవ ఎక్కడొస్తోందో చెప్తాను. రొయ్యలు, పీతలు ఉండేది తీరానికి దగ్గర, బురద అడుగున. ట్రాల్ వల లాగేదీ అక్కడే. తాబేలు తిరిగేదీ అక్కడే, పైగా జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి, జతకట్టడానికి వేలకి వేలు ఒడ్డు దగ్గరికి చేరతాయి. ఆ కాలంలో అవి పెద్దగా తినవు కూడా. వలలో పడితే పైకొచ్చి ఊపిరి తీసుకోలేక మునిగి చనిపోతాయి. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల ఒడ్డుకి వెయ్యికి పైగా కొట్టుకొచ్చాయి కదా. అదే ఏడాది ఫిబ్రవరిలో ఒడిశా ఋషికుల్య దగ్గర ఆరున్నర లక్షలకి పైగా వచ్చి గుడ్లు పెట్టాయి. ఆ రెండు వార్తలూ నెల తేడాలో చదివి నేను చాలా బాధపడ్డాను.

మన వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టింది, తాబేళ్ళ సీజన్ అప్పటికి చాలావరకు అయిపోతుంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మర బోట్లు ట్రాల్ లాగకూడదని మన రాష్ట్రంలో రూలుంది, అది గట్టిగా అమలైతే చాలా తాబేళ్ళు బతుకుతాయి, మా తెప్పల వాళ్ళకీ చేప మిగులుతుంది. వలలో పెట్టే టెడ్ అనే పరికరం కూడా ఉంది, ఇనుప కడ్డీల చట్రం, రొయ్య కడ్డీల మధ్య నుంచి వెనక్కి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పైన ఉన్న కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని సిఫ్ట్ సంస్థ మన బోట్లకి సరిపడేలా తయారుచేసింది. బోటు వాళ్ళు పెట్టుకోకపోవడానికి కారణం, దాంతోపాటు కొంత చేప కూడా పోతుందని భయం. డీజిల్ ఖర్చు చూస్తే ఆ భయాన్ని నేను తీసిపారేయను. కానీ టెడ్ వాడటం లేదన్న కారణంతోనే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యని కొనడం మానేసింది, ఆ నష్టం మాకు అంతకన్నా పెద్దది. చెరువు రొయ్యకి ఆ నిషేధం లేదు.

ఇంకో మాట. జెల్లీఫిష్ ఎక్కువ వచ్చిన రోజు వల ఎత్తడమే నరకం, వల బరువెక్కి చిరుగుతుంది, చేతులు మండుతాయి. అవి చేప గుడ్లనీ, చేప పిల్లల్నీ తినేస్తాయి కూడా. జెల్లీఫిష్‌ని తినే తాబేలుని మేమెందుకు పోగొట్టుకోవాలి అని మా సంఘం మీటింగ్‌లో నేను అడుగుతూనే ఉంటాను.

రాత్రి_గస్తీ:

సాయి గారు చెప్పిన ప్రతి మాటా నిజం, మత్స్యకారులు చెప్తేనే ఇది నలుగురికీ ఎక్కుతుంది.

ప్లాస్టిక్ గురించి ఒకటి కలపాలి. కవరు జెల్లీఫిష్‌లా కనిపించడం వల్లే తింటాయని ఇదివరకు అనుకునేవాళ్ళం. 2020లో లాగర్‌హెడ్‌ల మీద చేసిన పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. కొత్త ప్లాస్టిక్ వాసనకి అవి పట్టించుకోలేదు. సముద్రంలో కొన్ని వారాలు నాని, నాచు, సూక్ష్మజీవులు పట్టిన ప్లాస్టిక్ వాసన చూపిస్తే మాత్రం, నిజమైన తిండి వాసనకి చేసినట్టే ముక్కు నీళ్ళ పైకి పెట్టి వెతికాయి. అంటే ప్లవకాల వాసన ప్లాస్టిక్‌కి అంటుకుంటే తాబేలుకి అది అన్నమే. చార్టులో ఒక మూల ఇది కూడా పెట్టమనండి.

మేడమ్ గారూ, పాప ఈసారి వదిలే కార్యక్రమానికి వెళ్తే మూడు జాగ్రత్తలు. ఫోన్ ఫ్లాష్ వెయ్యొద్దు, పిల్లలు వెలుతురు వైపు తిరిగి సముద్రం వదిలేసి రోడ్డు వైపు వస్తాయి. చేతిలోకి తీసుకుని నీళ్ళలో పెట్టొద్దు, ఇసుక మీద వాటంతట అవే నడవనివ్వండి. ముందు నిలబడి దారి అడ్డుకోవద్దు, ఇసుకలో మన అడుగు గుంట కూడా వాటికి పెద్ద గొయ్యి. దారి తప్పిన పిల్లగానీ, గాయపడిన పెద్ద తాబేలుగానీ కనిపిస్తే మీరు నీళ్ళలోకి తోయకుండా అటవీ శాఖ వాళ్ళకి ఫోన్ చెయ్యండి, వాళ్ళు వచ్చేదాకా కుక్కలు రాకుండా చూస్తే చాలు.